ఏడు మీద ఐదు గెలిచిన ఆదివారం

ఆయన్ని అందరూ డబ్బాల మాస్టారు అంటారు. బళ్ళో పాఠాలు చెప్పింది లేదు. ఇరవై రెండేళ్ళుగా డెస్క్‌టాప్ కంప్యూటర్ల డబ్బాలు విప్పి, దుమ్ము దులిపి, ఇక లేవదనుకున్నదాన్ని లేపి కూర్చోబెడుతున్నారు. మెట్ల కింద ఆరడుగుల కొట్టు ఆయనది. నిలబడితే తల మెట్టుకు తగులుతుంది కనుక కూర్చునే ఇన్నేళ్ళూ గడిపేశారు. చేతులు వణికే ఒక ముసలాయన తన యంత్రం బాగుచేయించుకోవడానికి తెస్తే, అడగకుండానే పవర్ బటన్ మీద చిన్న రబ్బరు ముక్క అతికించి ఇచ్చారు, వేలికి చోటు తెలియాలని. అలాంటి పనులు ఆయన ఎన్ని చేశారో దేవుడికే తెలుసు.

అంత మంచి మనిషికీ ఒక జబ్బు ఉంది. అది ఎదురు కొట్టు.

ఆ కొట్టు తోడల్లుడిది, అంటే మాస్టారి భార్య చెల్లెలి భర్తది. స్క్రూడ్రైవరు ఎలా పట్టుకోవాలో అతనికి నేర్పింది మాస్టారే. మూడేళ్ళు పక్కన కూర్చోబెట్టుకున్నారు. తర్వాత అతను ల్యాప్‌టాప్‌లు మాత్రమే చూస్తానని వేరే కొట్టు పెట్టుకున్నాడు. అద్దాల తలుపు, లోపల చల్లటి గాలి, వచ్చినవాళ్ళకు మెత్తటి కుర్చీలు. జనం భుజాన సంచీతో నేరుగా అటే పోయేవారు. మాస్టారు డబ్బా విప్పుతూనే అటు ఎంతమంది వెళ్ళారో లెక్కపెట్టేవారు. మధ్యాహ్నానికి ఆ లెక్క తొమ్మిది దాటితే అన్నం సయించేది కాదు. పదోవాడు ఏదో చిరునామా అడగడానికి వెళ్ళాడని తెలిస్తే కాస్త ఊపిరాడేది.

"అతని భార్య నా చెల్లెలండీ. కాస్త మెల్లిగా కుళ్ళుకోండి" అనేది ఆయన భార్య.

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఇళ్ళ నమూనాలు గీసే చదువు చదువుతోంది. మూడంతస్తుల ఇల్లు ఒకటి గోడలతో, కిటికీలతో, ఎండానీడలతో సహా కంప్యూటర్లో తయారుచేసి పది రోజుల్లో కాలేజీలో చూపించాలి. ఇంట్లో ఉన్న యంత్రం ఆ బరువు మోయలేదు. మాస్టారు నెల రోజులుగా ఒక్కో భాగమే ఏరి తెచ్చి, ఏదో ఆఫీసు తీసిపారేసిన పాత ఐ-ఫైవ్ ప్రాసెసర్‌తో ఒక డెస్క్‌టాప్ కూర్చారు. కూతురికి చూపిద్దామనుకున్న రోజునే, పిన్ని ఇంటికి వెళ్ళిన పిల్ల ల్యాప్‌టాప్ గుండెకు హత్తుకుని తిరిగొచ్చింది. బాబాయ్ ఇచ్చాడట. అదీ అంతే పాతది, కానీ దాని మీద ఐ-సెవెన్ అని ఉంది.

"ఇది సెవెన్ నాన్నా. నీది ఫైవ్" అంది.

మాస్టారు ఓపిగ్గానే మొదలుపెట్టారు. ఆ అంకెలు ఒకే ఇంటి పిల్లల్లో ఎవరు పెద్దో చెప్తాయి గానీ, ఈ ఇంటివాణ్ణీ ఆ ఇంటివాణ్ణీ పోల్చడానికి పనికిరావన్నారు. ఆ కాలపు సన్నటి ల్యాప్‌టాప్‌లలో సెవెన్ అని రాసి ఉన్నా చాలావాటి లోపల రెండే కోర్లు, అంటే పని చేసే చేతులు రెండే. బ్యాటరీ తొందరగా అయిపోకూడదు, ఒళ్ళో పెట్టుకుంటే కాలకూడదు, అందుకని కొద్దిపాటి కరెంటుతో నెట్టుకొస్తాయి. తను కూర్చిన ఫైవ్‌కు నాలుగు కోర్లు, పెద్ద ఫ్యాను, గోడలోంచి కావలసినంత కరెంటు. చెప్పిందంతా నిజమే. కానీ చెప్పేకొద్దీ గొంతులో మంట పెరిగింది. చివరికొచ్చేసరికి, తెలిసీ తెలియనివాళ్ళు అంటగట్టిన సరుకు అన్నదాకా వెళ్ళింది.

పిల్ల ముఖం ముడుచుకుంది. "బాబాయ్ ప్రేమగా ఇచ్చాడు నాన్నా. సరే, రెండూ పెట్టి చూద్దాం. ఏది ముందు పూర్తిచేస్తే దాని మీదే నా పని."

ఆదివారం మధ్యాహ్నం ముందుగదిలో బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టారు. రెండింటికీ ఆ ఇంటి బొమ్మే ఇచ్చి, ఎండానీడలతో తయారుచేయమన్నారు. ఉన్నది ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డు, అందులో పనిచేసే ప్లగ్గులు రెండు. ఒకటి డెస్క్‌టాప్ డబ్బాకు, రెండోది దాని తెరకు పోయాయి. ల్యాప్‌టాప్ ఛార్జర్‌కు చోటు లేదు. బ్యాటరీ నిండుగా ఉందిగా, ఫరవాలేదన్నారు మాస్టారు.

ఛార్జర్ లేకపోతే అలాంటి ల్యాప్‌టాప్ బ్యాటరీ ఆదా చేసుకోవడానికి తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూస్తే సరిపోయేది. ఆ ఆలోచన ఆయనకు రాలేదని చెప్పలేను. వచ్చింది, వచ్చిన దారినే పోనిచ్చారు.

డెస్క్‌టాప్ పదకొండు నిమిషాల్లో ముగించింది. ల్యాప్‌టాప్‌కు ముప్ఫై నాలుగు పట్టాయి. పిల్ల తెల్లబోయి, తర్వాత నవ్వి, తండ్రి వద్దనేలోపే బాబాయికి ఫోన్ చేసి నీ సెవెన్ చతికిలపడిందని చెప్పేసింది. తన కూతురు తోడల్లుడి సరుకును చూసి నవ్విన ఆ నవ్వు మాస్టారికి ఎంత హాయిగా ఉందంటే, టీ ఇంకో గ్లాసు అడిగి తాగారు.

గంట తిరక్కుండా తోడల్లుడు వచ్చాడు. అవసరానికి పనికిరానిది ఇచ్చానేమో అని పిల్ల ముందు నొచ్చుకున్నాడు. ఇచ్చేముందు దాని ఫ్యాను మార్చి, తన సొంత ల్యాప్‌టాప్‌లోని ర్యామ్ తీసి ఇందులో వేశాడట. ఆ సంగతి అతను చెప్పలేదు. చెల్లెలు ఫోన్లో అంటే విన్న మాస్టారి భార్య అప్పుడు బయటపెట్టింది.

అతను ల్యాప్‌టాప్ మూత తెరిచాడు. బ్యాటరీ సగానికి పైగా దిగిపోయి ఉంది. ఛార్జర్ చుట్ట విప్పకుండా సంచీలోనే ఉంది. విషయం అర్థం కావడానికి అతనికి క్షణం పట్టలేదు. మాస్టారి వైపు చూశాడు. మాస్టారు నేల వైపు చూస్తున్నారు.

అతను మెల్లిగా మూత దించి పిల్లతో అన్నాడు, "మీ నాన్న చెప్పిందే నిజం తల్లీ. ఇవి అంతే, కాస్త నీరసం. నేనే ముందు చూసుకోవాల్సింది."

తిట్టి ఉంటే మాస్టారు తిరిగి తిట్టేవారు. ఆ తిట్టుతో రెండేళ్ళు కాలక్షేపం చేసేవారు. కూతురి ముందు తన పరువు కాపాడిన మనిషిని ఏం చేయాలో ఆయనకు తోచలేదు. మనిషిని లొంగదీయాలనుకుంటే దేవుడు ఇలాంటివాళ్ళనే పంపుతాడు కాబోలు.

"మూత తెరువు తమ్ముడూ. ఛార్జర్ పెట్టి మళ్ళీ చూద్దాం."

"ఇప్పుడెందుకన్నయ్యా, తేలిపోయిందిగా."

"తేలలేదు. ఛార్జర్ లేకుండా నడిపింది నేనే. తెలిసే నడిపాను."

మాస్టారే తెర తీగ పీకి ఆ చోట ఛార్జర్ గుచ్చారు. నలుగురూ గడియారం చూస్తూ కూర్చున్నారు. ఈసారి ల్యాప్‌టాప్‌కు పదిహేడు నిమిషాలు పట్టాయి.

పిల్ల గడియారం మీంచి తండ్రి వైపు తిరిగింది. "ఎలా పెట్టినా నీదే గెలిచేది కదా నాన్నా. మరెందుకు?"

"ఆరు నిమిషాల తేడా నాకు చాల్లేదమ్మా."

ఆ మాటకు తోడల్లుడు ఆపుకోలేక నవ్వేశాడు. పిల్ల నవ్వలేదు. ఫోన్లో ఎగతాళి చేసినందుకు ఏమీ అనుకోవద్దని బాబాయిని అడిగింది. తెర తీగ మళ్ళీ తగిలించి, ఇచ్చిన మాట ప్రకారం డెస్క్‌టాప్ ముందే కూర్చుంది. మెట్ల పక్కన నీడ ఎటు పడాలో తోచక వెనక్కి తిరిగి పిలిచింది మాత్రం బాబాయిని.

మాస్టారికి పాత కుళ్ళు మళ్ళీ లేచింది. అయినా పక్క గదిలోకి వెళ్ళి, తోడల్లుడికి కుర్చీ తెచ్చి వేశారు.