జాకెట్ ముక్క అమ్మవారు

మా నూజివీడు వైపు పూత చూసి మామిడి తోటను షావుకారుకు ఇచ్చేసినా, ప్రతి రైతూ ఒక్క చెట్టును మాత్రం బేరంలో కలపకుండా అట్టే పెట్టుకుంటాడు. దాన్ని ఇంటి చెట్టు అంటాం. ఆ చెట్టు కాయ లారీ ఎక్కదు. ఇంట్లో తినడానికి, చుట్టాలకు పంపడానికి, పనికిరాని వాళ్ల దగ్గర గొప్పలు పోవడానికి. మాది చిన్న రసం. షావుకారు కూలీలు పొరపాటున దాన్నీ దులిపేయకుండా ఏదో ఒక గుర్తు పెట్టాలి. కొందరు మొదలుకు సున్నం పూస్తారు, కొందరు పాత టైరు ముక్క కడతారు. మూడేళ్ల క్రితం నాకు సమయానికి ఏదీ దొరకలేదు. మా ఆవిడ బీరువాలో ఉన్న ఎర్ర జాకెట్ ముక్క ఒకటి లాగి కట్టేశాను.

పేరంటాల్లో బొట్టు పెట్టి ఇచ్చే జాకెట్ ముక్కల సంగతి మీకు తెలియనిది కాదు. వాటిని ఎవరూ కుట్టించుకోరు. వచ్చిన చేత్తోనే దాచి ఇంకొకరికి పెడతారు. ఆ ముక్క ఎన్నిళ్లు తిరిగిందో గానీ ఏ ఇంట్లోనూ జాకెట్ కాలేకపోయింది. మా ఇంటికొచ్చి ఏకంగా అమ్మవారైంది.

అదెలాగంటే, రెండు రోజుల తర్వాత జి. కొండూరు నుంచి కోత కూలీలు దిగారు. వాళ్లలో అందరికంటే పెద్దాయన ఆ చెట్టు దగ్గర టక్కున ఆగి, చెప్పులు విడిచి, "ఏంటండీ, అమ్మవారా?" అని అడిగాడు.

కాదు, మా ఆవిడ జాకెట్ ముక్క అని చెప్పాల్సింది. పదిమంది మగవాళ్ల ముందు ఆ మాట ఎలా అనను? పైగా నా నోటి సంగతి నాకు తెలుసు. ఖాళీగా ఉండలేదు.

"అవునండీ. మహా మహిమ గల తల్లి. మా తాతగారి హయాంలో ఒకడు దొంగతనంగా ఈ చెట్టెక్కాడు. వాడు ఒక్కో కొమ్మ దిగుతుంటే చెట్టు ఒక్కో కొమ్మ ఎత్తు పెరిగింది. మూడు రోజులు పైనే ఉన్నాడు. పొద్దున్నే చిక్కంలో గ్లాసు పెట్టి కాఫీ అందించేవాళ్లం. చివరికి వాడి పెళ్లిచూపులు కూడా చెట్టు మీదే అయ్యాయి."

చిక్కమంటే కాయ నేలపాలు కాకుండా కోయడానికి గెడ చివర కట్టే వల సంచీ. అందులో కాఫీ గ్లాసు నిలబడదని కోత కూలీలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను ఇలాంటివి చెబితే మా వైపు జనం పడీ పడీ నవ్వుతారు. ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు. నా జీవితంలో అదే మొదటిసారి. సాయంత్రానికి చెట్టు మొదలుకు పసుపు, కుంకుమ. మర్నాడు నిమ్మకాయలు. వారానికల్లా కొబ్బరికాయలు.

నిజం చెప్పొద్దూ, నాకు భలే సంతోషమేసింది. అంతకుముందు మైలవరం రోడ్డు మీద పోయే ప్రతి బైకూ మా తోట పక్కన ఆగేది, నీళ్లు తాగే వంకతో సంచీ నింపుకుని కదిలేది. ఇద్దరు కాపలా మనుషులు, ఒక కుక్క ఆపలేని దాన్ని మీటరు గుడ్డ ఆపేసింది. మతం జనాన్ని అదుపులో పెట్టే తాడేనా అని టీ కొట్టు దగ్గర వాదన వచ్చినప్పుడల్లా నేను మనుషులు తక్కువగా ఉన్న పక్షంలో చేరేవాణ్ణి, సరదాకి. ఆ వేసవిలో మాత్రం తాడే అని గట్టిగా అన్నాను. తాడు కొస నా చేతిలో ఉందనుకున్నాను కదా!

ఆ కొస షావుకారు అందుకున్నాడు. మా తోటలో రాలిన కాయ ఎవరిదీ కాదు. ఈదురుగాలి వచ్చిన మర్నాడు ఎవరు ముందొస్తే వాళ్లు ఏరుకుపోవచ్చు. మా నాన్న కాలం నుంచీ అదే పద్ధతి. షావుకారు ఒకరోజు చెట్టుకు దణ్ణం పెట్టుకుని, తోటలో నేలబడిన కాయంతా ఇక అమ్మవారిదని, బయటివాళ్లు ముట్టుకుంటే అరిష్టమని చెప్పేశాడు. ఆ అమ్మవారి కాయ మాత్రం రోజూ ఆయన వ్యానెక్కి జ్యూసు ఫ్యాక్టరీకి పోతోంది.

మా వీధి చివర తాండ్ర పోసే ఆవిడ ఉంది. భర్త చెట్టు మీంచి పడి నడుం విరిగి ఇంట్లోనే ఉంటాడు. మా తోటలో రాలిన రసాలు ఏరి, పిండి, తాటాకు చాపల మీద పొర మీద పొర ఎండబెడుతుంది. మంచి ఎండ కాసే ఆ ఇరవై రోజులతోనే ఆ ఇల్లు ఏడాదంతా గడవాలి. ఆవిడ ఖాళీ తట్టతో మా అరుగు మీదకొచ్చి కూర్చుంది.

"బాబాయిగారూ, మీ అమ్మవారు నన్ను తోటలోకి రావద్దందంటండీ."

"నా అమ్మవారేంటమ్మా?"

"ఆ ముక్క మా అమ్మాయి ఫంక్షన్‌లో పిన్నిగారికి నేను పెట్టిందేనండీ. అంచున నూనె మరక కూడా ఉంది. నాకూ ఎవరో పెట్టిందే లెండి."

లోపల్నుంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. నాకు మాత్రం ఆ ఖాళీ తట్ట చూస్తే నవ్వు రాలేదు. నా సరదా ఎవరి కడుపు మీద పడిందో అప్పుడు తెలిసింది.

వెంటనే షావుకారు దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నవ్వులాటకైనా అలా అనకండి రైతుగారూ, కళ్లు పోతాయి."

"ఒట్టు షావుకారుగారూ! అది మా ఆవిడ జాకెట్ ముక్కే."

"మీరు ఒట్టేస్తే అది అబద్ధమని ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారండీ," అని, నా తరఫున కూడా తనే లెంపలేసుకున్నాడు. చెట్టున్న వైపు తిరిగి దణ్ణం కూడా పెట్టాడు. ఆయనది నటన కాదు. నమ్మిన దాన్నే వాడుకుంటున్నాడు. ఆ రెండూ ఒకే మనిషిలో ఇమడవని నేను అనుకునేవాణ్ణి.

"పాతికేళ్లలో మొదటిసారి నిజం చెప్పారు, అదీ దండగైంది," అంది మా ఆవిడ.

అమ్మవారు కలలోకొచ్చి రాలిన కాయ నీకిమ్మందని చెబుతానని తాండ్ర ఆవిడకు మాటిచ్చాను. "మీ కలలొద్దులెండి బాబాయిగారూ, మీ కలలో అమ్మవారు కూడా కాఫీ అడుగుతుంది," అంటూ తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజులకు పెద్ద గాలి వచ్చింది. తెల్లారేసరికి నేల పచ్చగా, పసుప్పచ్చగా కాయలతో నిండిపోయింది. షావుకారు మనుషులు గంపలకెత్తుతున్నారు. తాండ్ర ఆవిడ తలంటుకుని, తడి జుట్టుకు తువ్వాలు చుట్టి, పసుపు రాసిన తట్టతో తిన్నగా తోటలోకి నడిచింది.

"ఆగమ్మా! అవి అమ్మవారి కాయలు," అన్నాడు షావుకారు.

"తెలుసండీ, అందుకే తలంటుకుని వచ్చాను. మరి ఆ వ్యాన్లోకెత్తేవి ఎవరివండీ?"

"అవీ... అమ్మవారివే."

"వ్యానెక్కి ఎక్కడికెళ్తోందండీ తల్లి? ఫ్యాక్టరీకా?"

ఎవరో దగ్గారు. గంప మోస్తున్న జి. కొండూరు పెద్దాయన దాన్ని మెల్లగా కింద పెట్టేశాడు. "ఇది మాకొద్దండీ షావుకారుగారూ. పిల్లలు గలవాళ్లం," అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు మిగతా గంపలూ దిగాయి.

"నేను తాండ్ర పోసి తల్లికి నైవేద్యం పెడతాను. పెట్టాక ప్రసాదం పదిమందికీ పోవాల్సిందేగా," అంది ఆవిడ. షావుకారు నా వంక చూశాడు. నేను ముఖం గంభీరంగా పెట్టి, "తల్లి ఆజ్ఞ," అన్నాను. ఈసారి నన్ను అందరూ నమ్మారు. షావుకారు నిట్టూర్చి, చొక్కా చేతులు మడిచి, మొదటి గంప తనే మోసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆవిడ నా వైపు తిరిగింది.

"మీరూ చెప్పులు విప్పి రండి బాబాయిగారూ. ఆ చెట్టు కిందవి ఏరాలి."

"అది మా ఇంటి చెట్టమ్మా!"

"అమ్మవారి చెట్టన్నారుగా?"

పదిమంది చూస్తున్నారు. చెప్పులు విడిచాను. సొనతో జిగురుగా ఉన్న తడి నేల మీద వంగి, మా చిన్న రసాలు నేనే ఏరి ఆవిడ తట్టలో వేశాను. ఆ ఏడు నుంచి ఆ చెట్టు కాయ మా ఇంటి గడప తొక్కలేదు. తోటలున్న ఇంటి మనిషినై ఉండి నూజివీడు బజార్లో రసాలు కొనుక్కోవాల్సి వస్తోందని మా ఆవిడ దెప్పని రోజు లేదు. నిజమే గానీ, వీధి చివర చాపల మీద తాండ్ర ఎండుతున్న వాసన వస్తే నాకు హాయిగానే ఉంటుంది.

మొన్న వేసవిలో తాండ్ర తయారయ్యాక ఆవిడ ముందు చెట్టు దగ్గర ఒక ముక్క పెట్టింది. తర్వాత కూలీలకు, షావుకారుకు, చివరగా నాకు. నా చేతిలో పెట్టింది గోరంత.

"ఇదేంటమ్మాయ్, ఇంకొంచెం పెద్ద ముక్క ఇవ్వొచ్చుగా?"

"మీకు షుగర్ కదండీ. అంతగా కావాలంటే అమ్మవారిని అడగండి."

చెట్టు వైపు చూశాను. జాకెట్ ముక్క వెలిసిపోయి, దాని మీద ఎవరో కట్టిన పట్టు గుడ్డ మెరుస్తోంది. అడగడానికి ధైర్యం చాల్లేదు. ఇచ్చిందే కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాను.