నా మార్కులకు అందే సీటు

ప్రొద్దుటూరు కాలేజీలో మా బి.కాం. తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. రెండో అమ్మాయి చివరి సంవత్సరంలో పెళ్లయి బళ్లారి వెళ్లిపోయింది. నేను జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. నాయన అక్కడ తాలూకా ఆఫీసులో గుమాస్తా. మా బంధువుల్లో మగవాళ్లు పౌరోహిత్యమో, బడిపంతులు పనో, గుమాస్తాగిరో చేసేవాళ్లు. వ్యాపారం చేసినవాడు ఒక్కడూ లేడు. అలాంటి ఇంట్లో పుట్టి, బిజినెస్ మేనేజ్‌మెంట్ చదువుతానని నేను పట్టుబట్టాను.

ఆ కోరిక ఒక నూనె మిల్లులో పుట్టింది. మా కామర్స్ సార్ ఒకసారి తరగతినంతా ఊరి బయట ఉన్న వేరుశనగ నూనె మిల్లుకు తీసుకెళ్లారు. యజమాని మాకు యంత్రాలూ గోదామూ తిప్పి చూపించి, చివర్లో మమ్మల్నే ఒక ప్రశ్న వేశాడు.

"మీరంతా లెక్కలు సదివినోళ్లు గదా. ఏటా లాభం వచ్చిందని మా గుమాస్తా రాసి చూపిస్తాడు. గల్లాపెట్టె తెరిస్తే ఏమీ ఉండదు. ఆ లాభం యాడికి పోతాంది?"

నా కళ్లెదుట గోదాములో పైకప్పు దాకా పేర్చిన డబ్బాలు కనిపిస్తున్నాయి.

"మీ లాభం ఆ డబ్బాల్లోనే ఉందండీ. మిగతాది మీ దగ్గర అరువు తీసుకున్నవాళ్ల దగ్గర ఉంటుంది" అన్నాను.

ఆయన గట్టిగా నవ్వాడు. "పాప సరిగ్గా చెప్పింది. సరే, ఇప్పుడు నేనేం చేయాల?"

దానికి నా దగ్గర జవాబు లేదు. నేను చదివిన పుస్తకాల్లోనూ లేదు. మర్నాడు సార్ని అడిగాను, అలాంటివి నేర్పే చదువు ఎక్కడైనా ఉందా అని. ఉందన్నారు.

"వాల్తేరులో ఉండాది, హైదరాబాదులో ఉండాది. కలకత్తాలో కొత్తగా పెద్దది పెట్టినారు. అన్నిటికీ మార్కులు గావాలమ్మా" అన్నారు.

ఆ మార్కుల దగ్గరే నాకు చిక్కు. బి.కాం.లో రెండో తరగతి వచ్చింది, అదీ అంచు మీద. ఆ పైన ఈ చదువు కోసం మద్రాసులో ఒక రాతపరీక్ష రాయాలి. నాయనా నేనూ ముద్దనూరులో రైలెక్కి వెళ్లాం. ఇంగ్లీషు పేరాలు చదివి ప్రశ్నలకు జవాబులు రాయడం, బొమ్మల్లో తేడాలు కనిపెట్టడం, చకచకా లెక్కలు చేయడం అందులో ఉన్నాయి. నేను మొదటి పేరా రెండోసారి చదువుతుండగా నా పక్కనున్న అబ్బాయి పేజీ తిప్పాడు. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. నేను చివరి పేజీ చూడకముందే గంట కొట్టారు. కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. రాసినవాళ్లను వరసగా నిలబెడితే నేను మధ్యలో, కాస్త ముందువైపు ఉంటాను. అంతే.

నాయనకు అది చాలనిపించింది. "దరఖాస్తు పెడితే కలకత్తాకే పెట్టాల. కాదంటే ఈన్నే టీచర్ ట్రైనింగ్ చెయ్. మజ్జిలో ఎందుకు?" అన్నాడు.

సార్ అలా అనలేదు. స్టాఫ్ రూములో ఎదురుగా కూర్చోబెట్టి, "చెట్టు కింద నిలబడినావనుకో. ఎగిరితే అందే కాయ ఉంటాది, చెయ్యి చాపితే అందేది ఉంటాది, కింద రాలినది ఉంటాది. మూడిట్లోనూ ఒక్కోటి చూసుకో. ఎగరలేని కొమ్మకేసి చూస్తా నిలబడితే మెడ నొప్పి తప్ప ఏమీ రాదు" అన్నారు. అయితే ఏ కొమ్మ ఎంత ఎత్తులో ఉందో ఆయనకూ సరిగ్గా తెలియదు. ఆ చదువు చదివినవాళ్లు అప్పటికి మా వైపు అంత అరుదు.

పులివెందులలో మా అమ్మ తమ్ముడు బడిపంతులు. ఆయన పాత శిష్యుడొకడు, సింహాద్రిపురం రైతు కుటుంబం వాడు, వాల్తేరులో ఇదే కోర్సు చదువుతున్నాడని తెలిసి, అతను సెలవులకు వచ్చినప్పుడు మామ నాకు కబురు పెట్టాడు. నేను వెళ్లేసరికి అతను మామ వాళ్ల అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, దాపరికం లేకుండా చెప్పు. మా పాపకు యాడ సీటు వస్తాది?" అని మామే మొదలుపెట్టాడు.

అతను నా మార్కులు అడిగాడు. చెప్పాను. కాసేపు తల గోక్కున్నాడు.

"ఏమనుకోవద్దక్కా. ఈ మార్కులతో కలకత్తా కష్టం. నాకు నీకంటే ఎక్కువొచ్చినాయి, నన్నే పిలవలేదు. హైదరాబాదులో సాయంత్రం తరగతులు, ఉద్యోగం చేస్తాండేవాళ్ల కోసం. నీకు ఉద్యోగం లేదు. వాల్తేరులో మార్కులతో పాటు మాట్లాడించి చూస్తారు. ఆడ ఆడోళ్లకు హాస్టల్ కూడా ఉండాది."

"ఆడోళ్లు ఎందరుండారు ఆ కోర్సులో?" అని అడిగాను.

"మా బ్యాచిలో లేరు. ముందు బ్యాచిలో ఒకామె ఉన్యాదంట" అన్నాడు. తరవాత స్టాటిస్టిక్స్ ఎంత కష్టమో, మెస్సులో జొన్నరొట్టె దొరక్క తను ఎంత అల్లాడిపోయాడో చెప్పాడు. అతను చెప్పినవాటిలో ఒక్కటీ తీపిగా లేదు. అయినా జమ్మలమడుగుకు తిరిగివచ్చే బస్సులో నా మనసు తేలికపడింది. మొదటిసారి నాకు కొమ్మల ఎత్తు తెలిసింది.

ఇంటికి వచ్చి నాయనతో చెప్పాను, కలకత్తాకు పెట్టనని. వాల్తేరు ఒకటి, తిరుపతిలో ఎం.కాం. ఒకటి చాలన్నాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నేను బావి దగ్గర నీళ్లు తోడుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"నేను డిపార్ట్‌మెంటు పరీక్ష ఎన్నిసార్లు రాసినానో నీకు తెలుసు. పాసైతే హెడ్ గుమాస్తా అయ్యుందును. ప్రతిసారీ నాకు నేనే చెప్పుకున్యా, ఇది నీకు మీరిన పని, వదిలేయ్ అని. నువ్వూ అదే మాటంటే నాకు శానా బాధయింది పాపా."

"నేను వదల్లేదు నాయనా. సీటొచ్చే చోట అడుగుతాండా" అన్నాను.

ఆయన చేద నా చేతిలోంచి తీసుకుని తనే నీళ్లు తోడాడు. ఆ మధ్యాహ్నం ఆఫీసు నుంచి వస్తూ దరఖాస్తులు పంపడానికి రెండు పెద్ద కవర్లు కొనుక్కొచ్చాడు.

తిరుపతి మాకు తేలిక అనుకున్నాం. కింద రాలిన కాయే కదా అని నాయన ఎగతాళి కూడా చేశాడు. ఆ ఏడు మొదటి తరగతి వాళ్లే ఎక్కువమంది దరఖాస్తు పెట్టడంతో అక్కడ నాకు సీటు లేదన్నారు. ఇక మిగిలింది వాల్తేరు. ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు వచ్చింది. మద్రాసు మీదుగా రెండు రైళ్లు మారి వెళ్లాం. ఆ దారంతా నాయన నాకు ధైర్యం చెప్పకుండా, కిటికీలోంచి కనిపించే పంటల పేర్లు చెబుతూ కూర్చున్నాడు. గోదావరి జిల్లాల పచ్చదనం చూసి మాత్రం, "వీళ్లకేం తెలుస్తాది కరువంటే" అన్నాడు.

లోపల ముగ్గురు పెద్దమనుషులు ఉన్నారు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, నేను తడబడుతుంటే వాళ్లలో పెద్దాయన తెలుగులోకి మారాడు. మార్కులు మామూలుగానే ఉన్నాయి, ఈ చదువే ఎందుకని అడిగాడు. నేను నూనె మిల్లు సంగతి చెప్పాను. యజమాని వేసిన రెండో ప్రశ్నకు నాకు జవాబు రాలేదని కూడా చెప్పాను. "శానా రోజులు దాని గురించే ఆలోచించినాను సార్" అనేసరికి వాళ్లలో ఒకాయన 'శానా' అన్న మాటకు నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. "ఇప్పుడు మీరైతే ఏం చేయమంటారు?" అన్నాడు. అరువు గడువు తగ్గించమంటానన్నాను. ధర పెరుగుతుందని ఆశపడి సరుకంతా పట్టుకుని కూర్చోకుండా కొంత ఎప్పటికప్పుడు అమ్మమంటానన్నాను. "ధర నిజంగా పెరిగితే?" అన్నాడు. "అప్పుడు ఆయన నన్ను తిడతాడు" అన్నాను. ముగ్గురూ నవ్వారు.

బయటికి వస్తే నాయన, "ఎందుకు నవ్వినారు?" అని కంగారుపడ్డాడు. నాకూ తెలియదన్నాను.

తీరా నన్ను నిరీక్షణ జాబితాలో పెట్టారు. తరగతులు మొదలయ్యాయని తెలిసి నేను ఆశ వదులుకుని, టైపు నేర్చుకోవడానికి చేరాను. ఒక మధ్యాహ్నం టైపు ఇన్‌స్టిట్యూట్‌కు మా అమ్మ పరుగున వచ్చింది, చేతిలో టెలిగ్రాం ఊపుకుంటూ. ఎవరో మానుకున్నారు, వెంటనే వచ్చి చేరమని. ఆమెకు ఇంగ్లీషు రాదు, పోస్టుమాన్ చదివి చెప్పాడట. వీధిలో అందరూ చూస్తున్నా నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది.

ఆలస్యంగా చేరినందుకు మొదటి సంవత్సరం నలిగిపోయాను. సింహాద్రిపురం అబ్బాయి చెప్పినట్టే స్టాటిస్టిక్స్ నన్ను ఏడిపించింది. ఒకసారి తప్పాను, మళ్లీ రాశాను. చివరికి మళ్లీ రెండో తరగతే. అయితే ఈసారి అంచు మీద కాదు.

ఉద్యోగం ఆ దగ్గర్లోనే ఒక జనపనార మిల్లులో, ఖర్చుల లెక్కలు చూసే విభాగంలో వచ్చింది. ఆ విభాగానికి పెద్దనయ్యేసరికి చాలా ఏళ్లు పట్టింది. నాయన ఒక్కసారే అక్కడికి వచ్చాడు, రిటైరయ్యాక. గేటు దగ్గర కాపలామనిషి ఎవరు కావాలని అడిగితే, నా పేరు చెప్పలేదట. నా పదవి మాత్రం ఇంగ్లీషులో, ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పాడట. "దారి పొడుగునా వల్లె వేసుకుంటా వచ్చినా" అన్నాడు, నా బల్ల ముందు కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంటూ.