అద్దాల గదిలో రేణు

అమెరికాలోని షాంటిలీ ఊళ్ళో ఒక బ్యాంకు కౌంటర్ దగ్గర పనిచేసే రేణు జాజ్ పాడేది. తెలుగు సంఘంలో కీర్తన పాడితే మొగుడు దామోదర్ ముందు వరసలో కూర్చుని తాళం వేసేవాడు. క్లబ్‌లో మగవాళ్ళ బ్యాండ్ ముందు నిలబడి పాడిందని తెలిసిన రోజున మాత్రం చెయ్యి విరగ్గొట్టాడు. మెట్ల మీద జారిపడ్డానని ఆమె అందరికీ చెప్పుకుంది.

పెద్దమనిషి పద్ధతిగా కొట్టేవాడు. గోడ అవతలివాళ్ళకి వినపడకుండా ముందు వాక్యూమ్ క్లీనర్ ఆన్ చేసేవాడు. ఇంటిపనిలో పెళ్ళానికి ఎంత సాయం చేస్తాడో చూడమని పక్క అపార్ట్‌మెంట్ జయంతి తన మొగుణ్ణి దెప్పేది. ఇలాంటి మెప్పులు వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

1984లో రేణుతో ఆల్బమ్ చేద్దామని ఒక బ్యాండ్ లీడర్ ముందుకొచ్చాడు. పదిహేడు మంది వాద్యగాళ్ళు. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సోఫోన్లు అన్నీ ఒకేసారి మోగాలి, ఆమె వాటితోపాటే పాడాలి. విడివిడిగా రికార్డ్ చేసి అతికించడం ఆయనకి గిట్టదు. అంతమందిని మళ్ళీ ఒకచోట చేర్చడం కుదిరే పని కాదు. రికార్డింగ్‌కి కుదిరిన ఆ ఒక్క శనివారం పోతే ఆల్బమ్ పోయినట్టే. వాద్యాల హోరు ఆమె మైకులో పడకుండా, స్టూడియో హాలు మూల అద్దాల గదిలో ఆమెని నిలబెట్టారు.

మూడో పాటకి ముందు దామోదర్ వచ్చాడు. భర్తనని చెబితే లోపలికి పంపారు. గది తలుపు వేసుకుని, హాలు వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. బయటి చప్పుడేదీ లోపలికి రావడం లేదు. ఇక్కడ వాక్యూమ్ అక్కర్లేదనుకున్నాడు వెధవ.

జుట్టు పట్టుకుని ఆమె నోటిమీద గుద్దాడు. పెదవి చీలింది, పన్ను ఊడింది. "ఈ నోరు ఇంక పాడదు," అన్నాడు.

మైకు ఆన్‌లోనే ఉంది. వాయించేవాళ్ళందరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాట కోసం చూస్తున్నారు. ఆ గుద్దు, ఆమె కేక అందరి చెవుల్లోనూ పడ్డాయి.

డ్రమ్మర్ పరుగెత్తుకొచ్చి అతన్ని మెడపట్టి బయటికి ఈడ్చాడు. ట్రాంబోన్ వాయించేవాడు అతని ముక్కు పగలగొట్టాడు. నెత్తురు కారుతున్నా దామోదర్ ఊరుకోలేదు. ఇంటికి రా, నీ పని చెబుతానని అరుస్తూనే ఉన్నాడు.

రేణు నోట్లో నెత్తురు ఉమ్మేసింది. "నేను రాను, దామోదర్. నువ్వు పో."

పన్నెండేళ్ళ కాపురంలో ఆమె నోట "ఏమండీ" తప్ప మరో పిలుపు ఎరగని మనిషి. అతని అరుపు ఆగిపోయింది. డ్రమ్మర్ అతన్ని వీధిలోకి నెట్టి తలుపేశాడు.

ముందు హాస్పిటల్‌కి వెళ్దామన్నాడు బ్యాండ్ లీడర్. పాడాకే వెళ్తానంది. నోటికి గుడ్డ అదుముకుని, తన వంతు వచ్చినప్పుడల్లా తీసి పాడింది. పాట ముగిసింది. రెండో చరణంలో తొందరపడ్డానని, ఇంకోసారి పాడతానని రేణు అడిగింది.