కొండవేటా, నీటివేటా

నా చిన్నప్పుడు, అరవైల చివర్లో, నరసన్నపేట దగ్గర మా తాతయ్య ఇంట్లో ఏటా వరి నూర్పులు అవగానే ఒక యుద్ధం జరిగేది. ఈసారి వేటకి ఎక్కడికి? లైసెన్సు తుపాకి ఉంటే అప్పట్లో వేట తప్పుకాదు. మా మేనమామది ఎప్పుడూ ఒకటే పాట: సీతంపేట కొండలు, అడవిపంది. నాది కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసేచోట చలికాలం అడవి బాతులు మందలుగా దిగేవి. బాతుల మీద నాకేం ప్రేమ కారిపోలేదు. కొండకి ఆడపిల్లల్ని తీసుకెళ్లరు, బాతుల వేటకైతే బండెక్కనిస్తారు. అంతే సంగతి.

ఆ ఏడు మా ఇద్దరి అరుపులకి సాలలో ఎద్దులు కూడా బెదిరాయి. తాతయ్య చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"ఆగండెహె! గుంటా, కొండ తరపున నువ్వు సెప్పు. ఒరే, నీటి తరపున నువ్వు సెప్పు. ఎవులు బాగా సెప్తే ఆల మాటే. కావాలని ఓడిపోయినోలు ఇంటికాడే."

మా వైపు గుంట అంటే ఆడపిల్ల, అంటే నేను; ఒరే అన్నది మావని. ఇదెక్కడి న్యాయం! గెలిస్తే కొండే ఖాయం, నేను ఇంట్లో. ఓడితే దొంగాట ఆడానంటారు, అప్పుడూ ఇంట్లోనే. ఏడుపు మింగుకుని మొదలుపెట్టాను. కొండ కింద మా పెద్దమ్మ వాళ్ల చిలకడదుంప చేనుని పందులు దున్నేస్తున్నాయనీ, పెదనాన్నకి మంచె మీద కాపలాతోనే బతుకు తెల్లారిపోతోందనీ, పాపం బాతులు మనకేం చేశాయనీ అడిగాను. చెబుతూ చెబుతూ నా మాటలు నేనే నమ్మేశాను.

మావ మొదట నసిగాడు. తర్వాత పొద్దున్నే నీటి మీద లేచే మంచు గురించీ, మా అమ్మమ్మ ఉల్లిపాయలేసి ఇగిర్చే బాతుకూర గురించీ చెబుతూ గుటకలు వేశాడు.

"కొండే గెలిసింది," అన్నాడు తాతయ్య.

"అదేటి నాన్నా! నోరూరిపోతన్నాది, కళింగపట్నమే ఎల్దుం!" అని మావ లబలబలాడాడు.

"కుదరదు! మరి పెద్దమ్మ సేను ఏటైపోవాల?" అని నేను లేచాను.

వంటింట్లో అమ్మమ్మ పడీపడీ నవ్వింది. తాతయ్యకి నవ్వుతోపాటు దగ్గొచ్చింది. ఊపిరి తిప్పుకుని, "సేను కాసే వేటకి అడవిలోకెందుకు? గట్టు మీదే కాపేద్దుం. గుంట పెద్దమ్మతో మంచెక్కుతాది," అన్నాడు.

అలా మా ఇంట్లో కొండవేటకి వెళ్లిన మొదటి ఆడపిల్లని నేనే. పంది పడిందా అంటే, పడలేదు. మంచె మీద నేను వాయించిన డబ్బా మోతకి పారిపోయిందని మావ, మావ గురే తప్పిందని నేను. ఆ వాదన ఇంకా తెగలేదు.

ఎవరితో పోట్లాటకి దిగినా, ముందు వాళ్ల వైపు నిలబడి నాతో నేనే వాదించుకునే అలవాటు మాత్రం అప్పటినుంచే. ఒక్కోసారి నాకే బుద్ధొచ్చి నోరు మూసుకుంటాను. మూసుకోలేదంటే, ఎదుటివాళ్లు చెప్పబోయేదంతా వాళ్లకంటే ముందు నేనే చెప్పేస్తాను. కావాలంటే మా ఆయన్నడగండి.