రూత్ మేడమ్ భుజం

నిన్న చండ్రుగొండ బస్సులో నా ముందు సీటు పెద్దమ్మ నొప్పుల మందు డబ్బా మూత తీసింది. ఆ ఘాటు తగలగానే నాకు కన్నీళ్లు ఆగలేదు. మందు వల్లే అనుకుని పాపం ఆమె కిటికీ తెరిచింది. మా రూత్ మేడమ్ దగ్గర ఎప్పుడూ ఆ వాసనే వచ్చేది.

మేడమ్‌ది టేకులపల్లి. ఒకప్పుడు టెన్నిస్ ఆడటమే ఆవిడ ఉద్యోగం. టోర్నమెంట్ల కోసం ఊరూరా తిరిగారు. పేపర్లో ఫొటో పడేంత గెలుపులు రాలేదు. కుడి భుజం నొప్పి పెడితే ఇంజెక్షన్ వేయించుకుని ఆడారు, మళ్లీ వేయించుకుని మళ్లీ ఆడారు. చివరికి ఆ చెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. ఆట వదిలేసి ఇంటికొచ్చి, చర్చి వెనుక ఎర్రమట్టి చదును చేయించి, సున్నంతో గీతలు గీసి మాలాంటి పిల్లలకు నేర్పేవారు. సర్వీస్ తాను కొట్టి చూపించలేరు కదా, వెనుక నిలబడి ఎడమచేత్తో నా మోచేతిని పైకెత్తేవారు. "ఇంకా పైకి బిడ్డా, కొమ్మమీది కాయ తెంపినట్టు" అనేవారు. మా నాన్న తునికాకు కోతకు పోయే మనిషి. "ఇంట్ల కట్టెలు తెమ్మంటె లేవని చెయ్యి, మేడమ్ చెప్తె లేస్తది" అని నన్ను ఆటపట్టించేవాడు.

ఒకసారి ఖమ్మంలో జిల్లా పోటీల ఫైనల్. గెలిస్తే హైదరాబాదులో హాస్టల్, కోచింగ్ అన్నీ ఉచితం. నా వయసుకు అదే ఆఖరి అవకాశం. సరిగ్గా ఆ పొద్దున్నే నా భుజం పట్టేసింది. దాచిపెడదామనుకున్నాను గానీ, జడ వేసుకుంటూ నేను మొహం చిట్లించడం మేడమ్ కంటపడింది. ఆడొద్దన్నారు. నాన్న బతిమాలాడు.

"ఒక్క సూది ఏయిస్తె ఆడుతది గద మేడమ్? ఈ ఒక్క ఆటనే."

"నాకు గూడ గట్లనే ఒక్కటే అని చెప్పిన్రు. నా చెయ్యి చూడన్నా" అన్నారు మేడమ్.

నేరుగా అంపైర్ దగ్గరికి వెళ్లి నా పేరు తీయించారు. నేను మట్టిలో కూలబడి ఏడ్చాను. హాస్టల్ సీటు అవతలి అమ్మాయికి వెళ్లింది. తిరుగు బస్సులో మేడమ్ నా పక్కనే కూర్చుని, "తిట్టుకో బిడ్డా నన్ను. ఎంత తిట్టుకున్నా ఏం గాదు" అన్నారు. ఆవిడా ఏడుస్తున్నారు.

ఆ తర్వాత ఆటలో నేనెక్కడికీ పోలేదు. అంగన్‌వాడీ టీచర్నయ్యాను, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. మేడమ్ ఎప్పుడు కలిసినా జీతం ఎంత, ఇల్లు కట్టారా అని అడిగేవారు కాదు. "చెయ్యి ఎట్లున్నది?" అనేవారు.

పోయిన వానాకాలం కొత్తగూడెం దవాఖానాలో చివరిసారి చూశాను. మాట్లాడే ఓపిక లేకున్నా అదే అడిగారు. మంచం పక్కన నిలబడి కుడిచెయ్యి నిటారుగా పైకెత్తాను. వార్డులో అందరూ నావైపే చూస్తున్నారు. సిగ్గేసి దించబోయాను.

"దించకు. జరసేపు ఉండనీ" అన్నారు.

నిద్ర పట్టేదాకా ఆ చేతినే చూస్తూ పడుకున్నారు. ఆ వారంలోనే పోయారు.

ఆ ఫైనల్ ఆడలేదన్న దుఃఖం నాకిప్పటికీ తీరలేదు. మేడమ్ లేరన్న దుఃఖం వచ్చి దాని పక్కనే కూర్చుంది.