ముందే చెప్పిన స్తోత్రం

మా పెద్దమ్మ పోయింది. వెంకటాచలంలో నేను పనిచేసే కాలేజీకి వెళ్లే బస్సు కోసం నిలబడి ఉంటే ఆమె కొడుకు ఫోను చేశాడు. "అక్కా, అమ్మ పొయ్యిందక్కా. పొద్దున కాఫీ తాగి, బాగుందిరా అనింది. అంతే." హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి. బస్సొచ్చింది, పక్కనున్నవాళ్లు ఎక్కారు. నేను ఎక్కలేదు. అమ్మ చనిపోయాక నాకు అమ్మ ఆమే. ఇక నేను ఎవరికీ కూతుర్ని కాను.

ఆమెను ఎరగని మీకు ఆమెను ఎలా చూపించాలో తెలియడం లేదు. చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే చిన్న ఊరు ఆమెది. ఇంటి వెనక రొయ్యల గుంటలు, ముందు ఇసక. చర్చికి పోయే ఇళ్లు కొద్దే. వాళ్లలో కూడా పెద్దమ్మ ప్రార్థన వేరు. కష్టం వస్తే నోరు మూసుకుని పని చేసుకునేది. సంతోషం వస్తే మాత్రం ఉన్నచోటనే, ఉన్నపళంగా, కొంగు తల మీదికి లాక్కుని కళ్లు మూసుకునేది. అది బస్సయినా సరే, రేషన్ షాపు వరసయినా సరే.

నాకు యూనివర్సిటీలో సీటొచ్చిందని చెప్పడానికి పరిగెత్తుకెళ్లినప్పుడు ఆమె పెరట్లో రాతి మీద చేపలు రుద్దుతోంది. చేతులు కడుక్కోవడానికి కూడా ఆగలేదు. ఆ చేతులతోనే కొంగు లాక్కుంది. "తండ్రీ, మా పాప పెద్ద చదువు చదువుతాదంట. నీకు స్తోత్రం." అంతే. కళ్లు తెరిచేసరికి జుట్టంతా చేప పొలుసులు. చేపలమ్ముకునే పక్కింటామె, వెంకన్నకు మొక్కే మనిషి, గోడ మీంచి చూసి ఒకటే నవ్వు.

"ఏందక్కా, ప్రతిదానికీ చెప్తావా ఆయనకి? ఇసుగు రాదా?"

"అడుక్కునేవాళ్లంటే ఇసుగు గానీ, ఊరికే వచ్చి కనబడి పొయ్యేవాళ్లంటే ఎవురికి ఇసుగు?"

"అయితే మా బోర్లో తీపినీళ్లు పడితే కూడా చెప్పు, చూస్తా."

పడ్డాయి. ఉప్పు తప్ప ఎరగని ఆ నేలలో. పెద్దమ్మ ఆ బోరు బురదలోనే నిలబడి స్తోత్రం చెప్పింది. పక్కింటామె చేతులు జోడించి, అందరికంటే గట్టిగా "ఆమేన్" అంది. అప్పట్నుంచి ఆమె ఆమేన్ పడనిదే పెద్దమ్మ ప్రార్థన ముగిసినట్టు ఉండేది కాదు.

"దుఃఖంలో మోకాళ్లు వాటంతటవే వంగుతాయి పాపా. సంతోషంలోనే మనం వంచాల," అనేది పెద్దమ్మ.

పెళ్లయిన చాలా ఏళ్లకు నా కడుపు పండింది. మా వైపు దేవుడికి స్తోత్రం చెప్పే కృతజ్ఞత కూడిక పెట్టేది బిడ్డ పుట్టి, తల్లి లేచి తిరిగాక. పెద్దమ్మ అంతదాకా ఆగలేదు. విన్న వారంలోనే వాకిట్లో షామియానా వేయించింది. ముందే ఎందుకని చర్చివాళ్లు కూడా వారించారు. "చేతికొచ్చినాక చెప్తే అది రసీదు. స్తోత్రం ఎట్టవుద్ది?" అంది. ఆ రోజు నేనూ కళ్లు మూసుకుని నిజంగా ప్రార్థించాను. అదే చివరిసారి. బిడ్డ దక్కలేదు.

పెద్దమ్మ ఆసుపత్రికి వచ్చి మంచం మీద నా కాళ్ల దగ్గర కూచుంది. దేవుని చిత్తం అనలేదు. పరలోకం మాట ఎత్తలేదు.

"నువ్వు చెప్పిన స్తోత్రం వెనక్కి తీసుకో పెద్దమ్మా," అన్నాను.

చాలాసేపు నా పాదాలు ఒత్తింది. "తీసుకోనమ్మా. ఉన్నన్నాళ్లు ఉన్నింది గదా. ఆ నాళ్లని అబద్ధం చెయ్యమాకు."

ఆ మాట నాకు ఓదార్పు కాలేదు. ఇప్పటికీ కాదు. ఆమె అన్నది నిజమేనేమో, కానీ ఆ నిజాన్ని ఎవరికి చెప్పుకోవాలో నాకు తెలియకుండా పోయింది. ఏదైనా మంచి జరిగితే కృతజ్ఞత లాంటిదేదో లేస్తుంది, వెళ్లే దారి లేక అక్కడే ఆగిపోతుంది. ఇన్నేళ్లూ నా బదులు ఆమె చెప్పింది. నా సంతోషం ఫోనులో వినగానే అటువైపు కొంగు సర్దుకునే చప్పుడయ్యేది. నమ్మకం లేని నేను ఆ చప్పుడు కోసమే ఫోను చేసేదాన్ని.

సమాధి అయ్యాక, ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడిక నాడు ఆమె కొడుకు నన్ను పక్కకు పిలిచాడు. "అమ్మ ఏడుపు కూటం వద్దనిందక్కా. కృతజ్ఞత కూటమే పెట్టమనింది. ప్రార్థన నువ్వే చెయ్యాలంట."

"నాకు రాదని ఆమెకి తెలుసు కదరా."

"తెలుసు. రాకపోయినా లేచి నిలబడమను అనింది."

పాస్టరు గారు పిలిస్తే లేచాను. కొంగు తల మీదికి లాక్కున్నాను. "తండ్రీ" అన్నాను. తర్వాత మాట రాలేదు. షామియానా గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. ఎవరో దగ్గారు. ఆమె కోసమైనా ఒక్క ముక్క చెప్పాలని నిజంగానే ప్రయత్నించాను. అటువైపు ఎవరూ ఉన్నట్టు అనిపించలేదు. కొంగు సర్దుకునే చప్పుడు కూడా లేదు.

వెనక నుంచి పక్కింటామె గట్టిగా "ఆమేన్" అంది. ప్రార్థన అయిందనుకుని అందరూ అన్నారు. భోజనాలకు ఆకులు వేయడం మొదలుపెట్టారు.

పక్కింటామే వచ్చి నా ఆకు పక్కన నీళ్ల గ్లాసు పెట్టింది. "కొంగు దించి తిను పాపా."

దించలేదు. ప్రార్థన ముగిశాకే దించాలని పెద్దమ్మ నేర్పింది. నాది ఇంకా మొదలే కాలేదు. ఆకులో అన్నం చల్లారిపోతుంటే పెరట్లో పెద్దమ్మ చేపలు రుద్దే రాయి వైపు చూస్తూ కూచున్నాను. ఎండిపోయిన పొలుసులు కొన్ని ఇంకా దానికి అంటుకుని, ఎండకు మెరుస్తున్నాయి.