పండు మీది దుమ్ము

ఉజ్బెకిస్తాన్‌లోని మర్గిలాన్ బజారులో పళ్ళమ్మే ఖుమోర్ ఆపా, అంటే ఖుమోర్ అక్క, ఆల్బుకరా పండును ఎప్పుడూ తొడిమ పట్టుకునే ఎత్తుతుంది. పైనున్న బూడిదలాంటి తెల్లటి పొర చెదిరితే పండు నిలవ ఉండదు. "దుమ్ము పట్టిన పళ్ళు అంటగడతావేంటి ఆపా?" అని రోజూ ఎవరో ఒకరు అంటారు. "దుమ్ము కాదు తల్లీ, అది పండు దుప్పటి" అని ముప్పై ఏళ్ళుగా చెప్పీ చెప్పీ ఆమె గొంతు అరిగిపోయింది. తోటలు ఖాళీ అయ్యాక అమ్ముకోవడానికి నేలమాళిగలో గడ్డి పరిచి నాలుగు పెట్టెలు దాచుకుంది. మొన్న కొత్త కోడలు చరోస్ పొద్దున్నే వాకిలి ఊడ్చి, అదీ చాలదన్నట్టు ఒక పెట్టెలో పళ్ళన్నీ కడిగి తళతళలాడేలా తుడిచింది. "మురికంతా వదిలించానత్తయ్యా!" అంది సంబరంగా. "ఎంత పని చేశావే పిచ్చిదానా! ఇవింక రెండ్రోజులు కూడా ఆగవు" అంటూ ఖుమోర్ నేలమాళిగ మెట్ల మీదే కూలబడింది. చేసేదిలేక ఆ పెట్టెను బజారుకు మోసుకెళ్ళింది. మధ్యాహ్నం నమాజుకు ముందే అది ఖాళీ అయిపోయింది. "ఇన్నాళ్ళకి శుభ్రమైన సరుకు తెచ్చావు ఆపా!" అన్నారందరూ. ఆమె ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది. మర్నాడు ఇంకో పెట్టె తెరిచి, కోడలి చేతిలో తడిగుడ్డ పెట్టి, "పై వరస మాత్రమే తుడువు" అని మొహం అటు తిప్పుకుంది.